పిల్లలతో ఇంట్లోనే జంతువుల మాస్కులు: గంజి కాయడం నుంచి కంటి రంధ్రం కోయడం దాకా

అనంతపురంలో మే నెల ఎండ ఉదయం పది గంటలకే పిల్లలను వీధిలో నుంచి వరండాలోకి తరుముతుంది. మా వరండాలో జంతువుల మాస్కుల తయారీ అలా మొదలైంది. పిల్లలు వీటిని పులి మొగం, ఎలుగు మొగం అంటారు. మొదటి సంవత్సరం నేను ఒక పులి బొమ్మను చూసి, దాని కళ్ళు ఎక్కడ ఉంటే అక్కడే అట్టకు రంధ్రాలు కోసి, ఎంతో శ్రద్ధగా రంగులు వేశాను. పక్కింటి పిల్లవాడు దాన్ని పెట్టుకొని, గోడకు తగిలి ఆగి, "అవ్వా, పులికి కండ్లుండాయి గానీ నాకేం కనపడల్యా" అన్నాడు. పులి కళ్ళు వాడి నుదుటి మీదకు వచ్చాయి. అప్పటి నుంచి మా ఇంట్లో పని క్రమం మారింది. ముందు పిల్లల ముఖం కొలుస్తాము, తరువాత జంతువును గమనిస్తాము, ఆ తరువాతే కత్తెర పడతాము. ఈ వ్యాసం కూడా అదే క్రమంలో సాగుతుంది.

పిల్లల ముఖం కొలవడం

ఒక దారం తీసుకొని, పిల్లల ఎడమ చెవి ముందు భాగం నుంచి ముక్కు మీదుగా కుడి చెవి ముందు దాకా పరిచి, ముడి వేసి గుర్తు పెట్టండి. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం కింది దాకా మరొక దారం కొలవండి. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఎవరి దారానికి వారి పేరు రాసిన చీటీ కట్టాలి, లేకపోతే సాయంత్రానికి కొలతలన్నీ కలిసిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది కళ్ళ మధ్య దూరం. ఆరేడేళ్ళ పిల్లల్లో రెండు కంటిపాపల మధ్య దూరం సాధారణంగా ఐదు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పెద్దవాళ్ళలో ఆరు దాటుతుంది. అందువల్ల మీ ముఖానికి పెట్టి చూసి కోసిన రంధ్రాలు పిల్లలకు సరిపోవు. పెన్సిలు మొనను పిల్లల కంటి దగ్గరికి తీసుకువెళ్ళి గుర్తు పెట్టే పద్ధతి నాకు ఎప్పుడూ భయమే. దానికి బదులు పాత దినపత్రిక ముక్కను పిల్లల ముఖానికి ఆనించి, కళ్ళు మూసుకోమని చెప్పి, తడి పసుపులో ముంచిన చూపుడు వేళ్ళతో వాళ్ళ కనురెప్పలు ఉన్న చోటును వాళ్ళనే కాగితం పైనుంచి మెల్లగా తాకమనండి. రెండు పసుపు మచ్చలు పడతాయి. ముక్కు కొన, నోరు ఉన్న చోట్లను కూడా అలాగే గుర్తించి, ఆ కాగితాన్ని దాచిపెట్టండి. పని పూర్తయ్యేదాకా ఇదే మీకు కొలబద్ద.

జంతువును గమనించడం

పిల్లలను ఆవు బొమ్మ గీయమంటే చాలామంది చెవులను నెత్తి మీద, కొమ్ములను ఎక్కడో పక్కల పెడతారు. నిజానికి కొమ్ములు పైన ఉంటాయి, చెవులు వాటి కిందనే అడ్డంగా పక్కలకు సాగి ఉంటాయి. లేపాక్షి నందిని చూసి వచ్చిన పిల్లలకు ఆ ఏకశిల పెద్దతనం, మెడలోని గంటలు గుర్తుంటాయి కానీ చెవి ఎక్కడ ఉందని అడిగితే తడుముకొంటారు. కాబట్టి మాస్కు మొదలుపెట్టే ముందు రోజు సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకొని వీధి చివర కట్టేసిన ఆవునో, మందలో తిరిగి వచ్చే మేకనో పది నిమిషాలు నిలబడి చూడండి. మూడు ప్రశ్నలు అడిగితే చాలు: కళ్ళు ముందుకు ఉన్నాయా, పక్కలకు ఉన్నాయా? చెవి ఎక్కడ పుట్టింది? మూతి ఎంత ముందుకు వచ్చింది?

ఈ మూడింటి మీదనే మాస్కు నడుస్తుంది. పులి, చిరుత, పిల్లి వంటి వేటాడే జంతువుల కళ్ళు ముఖానికి ముందు వైపు ఉంటాయి కాబట్టి పిల్లల కళ్ళకూ వాటికీ సులభంగా పొత్తు కుదురుతుంది. మేక, జింక, కుందేలు వంటి వాటి కళ్ళు పక్కలకు ఉంటాయి. అలాంటి మాస్కుల్లో జంతువు కళ్ళను పక్కల బొమ్మగా వేసి, పిల్లలు చూసే రంధ్రాలను ముఖం మీద మచ్చలోనో, ముక్కు వాలులోనో దాచాలి. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది మేక మాస్కును కొమ్ములున్న పిల్లిగా చేసి వదిలేస్తారు.

చిన్నపిల్లలకు అట్ట మాస్కు

ఆరేళ్ళ లోపు పిల్లలతో ఒక్క పూటలో పూర్తయ్యే పని పెట్టుకోవడమే మంచిది, రెండో రోజు దాకా వాళ్ళ ఉత్సాహం నిలవదు. పెళ్ళి శుభలేఖల దళసరి అట్ట, బిస్కెట్ల పెట్టె అట్ట, కాగితపు పళ్ళెం, ఏదైనా సరిపోతుంది. వీరికి నుదుటి నుంచి ముక్కు కొన దాకా మాత్రమే వచ్చే సగం మాస్కు చేయండి. నోరు, ముక్కు రంధ్రాలు బయటే ఉంటాయి కాబట్టి ఊపిరాడుతుంది, మాట వినిపిస్తుంది.

పసుపు మచ్చల కాగితాన్ని అట్ట మీద పరిచి కంటి గుర్తులు దించుకోండి. అట్టను నిలువుగా మధ్యకు మెల్లగా మడిచి విప్పితే ముక్కు గీత ఏర్పడి, మాస్కు బల్లపరుపుగా కాకుండా ముఖానికి ఒదుగుతుంది. నుదుటి వద్దా, రెండు చెంపల వద్దా రెండు సెంటీమీటర్ల పొడవున చీలికలు కోసి, ఆ అంచులను ఒకదాని మీదకు మరొకటి జరిపి అతికిస్తే గుండ్రదనం వస్తుంది. స్టేప్లర్ వాడవద్దని నా సలహా. తప్పనిసరి అయితే పిన్ను మొనలు బయటి వైపు ఉండేలా కొట్టి, వాటి మీద కాగితం అతికించండి.

బుడగ మీద కాగితం మాస్కు

ఏడెనిమిదేళ్ళు దాటిన పిల్లలతో చేయవలసిన అసలైన పని ఇది. నాలుగు రోజులు పడుతుంది, వాటిలో రెండు రోజులు ఎండబెట్టడానికే పోతాయి. పాత దినపత్రికలు, మైదా, ఒక రబ్బరు బుడగ, దళసరి అట్ట ముక్కలు, రంగులు, లాస్టిక్ ఉంటే చాలు.

కాగితాన్ని నానబెట్టి వస్తువు చేయడం మన ఇళ్ళకు కొత్త కాదు. మా అమ్మ తరం వాళ్ళు కాగితాన్నీ మెంతులనూ నానబెట్టి రుబ్బి, ఆ ముద్దను చేటలకూ వెదురు గంపలకూ మెత్తేవారు. గింజలు కారిపోకుండా ఉండటమే కాక, మెంతుల చేదు వల్ల పురుగు కూడా దగ్గరికి రాదని వాళ్ళ నమ్మకం. మాస్కు ముక్కు, కనుబొమలు మలచడానికి ఆ ముద్దే మనకు పనికివస్తుంది, ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందు గంజి. ఒక గ్లాసు మైదాను ఒక గ్లాసు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. వేరే గిన్నెలో మూడు గ్లాసుల నీళ్ళు మరిగించి, మంట తగ్గించి, కలిపిన మైదాను సన్నటి ధారగా పోస్తూ గరిటెతో ఆపకుండా తిప్పండి. తెల్లటి పాలలా ఉన్నది నాలుగైదు నిమిషాల్లో కాస్త పారదర్శకంగా మారి, గరిటెను మందంగా అంటుకొంటుంది. అప్పుడు దించి, ఒక చెంచా ఉప్పు కలిపి, పూర్తిగా చల్లారాకనే పిల్లల ముందు పెట్టండి. పైన కట్టిన మీగడ లోపల ఎంత వేడి ఉందో కనబడనివ్వదు. ఈ గంజి మూడు మాస్కులకు సరిపోతుంది. మా ఎండలకు సాయంత్రానికే పులిసి వాసన వస్తుంది కాబట్టి ఏ రోజు గంజి ఆ రోజే కాచుకోవడం మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. గోడలకు పోస్టర్లు అతికించేవారు గంజిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు చేతులతో కలిపి, ముఖానికి పెట్టుకొనే వస్తువులో దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వేయవద్దు, అంగడిలో వాళ్ళు ఎంత నచ్చజెప్పినా సరే.

తరువాత బుడగ. పిల్లల చెవి నుంచి చెవి దాకా కొలిచిన దారానికి రెండు వేళ్ళ వెడల్పు కలిపి, దాన్ని రెట్టింపు చేయండి. బుడగ చుట్టుకొలత అంత రావాలి. అంతకు మించి ఊదితే మాస్కు ముఖం మీద జారుతుంది, తక్కువైతే చెంపలు నొక్కుకొంటాయి. ముడి ఉన్న వైపు కిందకు పెట్టి బుడగను ఒక చెంబు మీద కూర్చోబెట్టండి. ఊదని బుడగలు, పగిలిన బుడగ ముక్కలు చిన్నపిల్లల గొంతులో ఇరుక్కొంటే ప్రాణాపాయం. ఇంట్లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే బుడగ ఊదడం, పగిలిన ముక్కలు ఏరడం పెద్దల పనిగానే ఉంచుకోండి. లేదా బుడగను పూర్తిగా మానేసి, పీట మీద బంకమట్టితో ముఖం ఆకారంలో ఒక దిమ్మె చేసి, దాని మీద పలుచని ప్లాస్టిక్ కవరు పరిచి, ఆ పైన కాగితం అతికించండి. వినాయక చవితి ముందు చెరువు మట్టి ఎటూ ఇంటికి వస్తుంది కాబట్టి నేను ఆ రోజుల్లో ఈ పద్ధతినే పాటిస్తాను.

దినపత్రికను రెండు వేళ్ళ వెడల్పు పీలికలుగా చింపండి, కత్తెరతో కోయవద్దు. చింపిన అంచు పలుచబడి పక్క పీలికలో కలిసిపోతుంది, కోసిన అంచు మాత్రం రంగు వేశాక కూడా గీతలా కనబడుతుంది. చింపడం మూడేళ్ళ పిల్లలకు కూడా ఇష్టమైన పని కనుక ఇంట్లోని అతి చిన్నవారికి దీన్ని అప్పగించవచ్చు.

మొదటి పొరను గంజిలో కాక మంచినీళ్ళలో ముంచి బుడగ మీద పరచండి. బుడగకు కాగితం అంటుకోకుండా సులభంగా ఊడి రావడానికి ఇది ఉపాయం. కొందరు నూనె రాస్తారు కానీ నూనె రబ్బరును బలహీనపరుస్తుంది, బుడగ మధ్యలో పగిలితే శ్రమంతా వృథా అవుతుంది. రెండో పొర నుంచి పీలికలను గంజిలో ముంచి, రెండు వేళ్ళ మధ్య నుంచి లాగి, అదనపు గంజిని పిండేసి అతికించండి. ఒక పొర నిలువుగా, మరొకటి అడ్డంగా సాగాలి. పొర పూర్తయిందో లేదో తెలియక పిల్లలు ఒకే చోట పదిసార్లు అతికిస్తారు కాబట్టి ఒక పొరకు తెలుగు పత్రిక, తరువాతి పొరకు కన్నడ పత్రిక వాడండి. సరిహద్దు జిల్లా కావడం వల్ల మాకు కన్నడ పత్రికలు సులభంగా దొరుకుతాయి, దొరకనివారు రంగు కాగితం వాడుకోవచ్చు. తెలుగు అక్షరం ఎక్కడా కనబడకుండా పోయిందంటే రెండో పొర ముగిసిందన్నమాట.

బుడగ మొత్తాన్నీ ముడి చుట్టూ వదిలి కప్పితే, నిలువుగా కోసినప్పుడు రెండు మాస్కులు వస్తాయి. అన్నదమ్ములున్న ఇళ్ళలో ఇది తగవు తీర్చే ఉపాయం కూడా. నీళ్ళ పొర కాక మరో మూడు పొరలు వేసి ఒక పూట ఆరనివ్వండి, మరునాడు ఇంకో రెండు పొరలు వేయండి. అన్నీ ఒకేసారి వేస్తే పైన ఎండినట్టు కనబడి లోపల బూజు పడుతుంది.

ఎండబెట్టడంలో మా జిల్లావాసులు చేసే పొరపాటు ఒకటే, నేరుగా మిద్దె మీద ఎండలో పెట్టడం. లోపలి గాలి వేడికి వ్యాకోచించి బుడగ పగులుతుంది, లేదా పచ్చి కాగితాన్ని సాగదీసి రాత్రి చల్లదనానికి కుంచించుకొని దాన్ని వదిలేస్తుంది. అప్పుడు మాస్కు సొట్టపోతుంది. మొదటి రోజు నీడలో, గాలి తగిలే చోట వేలాడదీయండి. వేలితో కొడితే డప్పులా మోగే దశకు వచ్చాక, బుడగను తీసేసి, అప్పుడు ఎండ చూపించవచ్చు. వానాకాలంలో కర్నూలులో చేసినప్పుడు దీనికే నాకు మూడు రోజులు పట్టింది.

కోయడం, కళ్ళు తెరవడం

బ్లేడు, కట్టరు పని పూర్తిగా పెద్దలదే. గుల్లను నిలువుగా రెండు ముక్కలు చేసి, అంచులను కత్తెరతో సరిచేసి, చుట్టూ కాగితపు పీలికలు మడిచి అతికించండి. ఈ అంచు కట్టకపోతే చెంపలు గీసుకుపోవడమే కాక, పొరలు విడిపోవడం అక్కడి నుంచే మొదలవుతుంది.

పసుపు మచ్చల కాగితాన్ని గుల్ల మీద పరిచి, ముక్కు గుర్తును ముందు సరిచూసి, కళ్ళ చోటు దించండి. మొదట రూపాయి బిళ్ళకంటే చిన్న రంధ్రం కోసి, పిల్లలకు పెట్టి, "నీ కాళ్ళు కనబడుతున్నాయా?" అని అడగండి. కనబడలేదంటే రంధ్రాన్ని కింది వైపుకు పెంచండి. పిల్లలు నడుస్తూ పడిపోయేది ఎదుటివారు కనబడక కాదు, కాళ్ళ కింద గడప కనబడక. ఆ తరువాత బయటి వైపుకు కాస్త పెంచితే పక్క చూపు కూడా దొరుకుతుంది. అందం కోసం కన్ను చిన్నదిగానే కనబడాలనుకొంటే, రంధ్రాన్ని పెద్దదిగానే ఉంచి, వెనుక నల్ల దోమతెర ముక్క అతికించండి. లోపలి నుంచి చూపు ఆగదు, బయటి నుంచి నల్లటి కన్నులా కనబడుతుంది.

గాలి కోసం ముక్కు కింద రెండు పెద్ద రంధ్రాలు, నోటి చోట ఒక చీలిక తప్పనిసరి. మూతి చుట్టూ దబ్బనంతో వరుసగా చిల్లులు పొడిస్తే ఇంకా మంచిది. ఈ ఆలోచన నాకు నిమ్మలకుంట తోలుబొమ్మల నుంచి వచ్చింది. ధర్మవరం పక్కనున్న ఆ ఊరి కళాకారుల్లో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అక్కడ పలుచని తోలు మీద ఉలితో నగలు, అంచుల నమూనాలను చిల్లులుగా చెక్కుతారు, తెర వెనుక దీపం పెట్టినప్పుడు ఆ చిల్లులు మెరుస్తాయి. మన మాస్కులో అవే చుక్కలు మీసాల మొదళ్ళలా కనబడుతూ ఊపిరికి దారి ఇస్తాయి.

ముక్కు, చెవులు, కొమ్ములు

మిగిలిన కాగితపు ముక్కలను రాత్రంతా నానబెట్టి, రెండు చెంచాల మెంతులను కూడా వేరుగా నానబెట్టి, ఉదయం రెండూ కలిపి రుబ్బి, నీళ్ళు పిండేసి, గంజి కలిపితే చపాతీ పిండిలాంటి ముద్ద వస్తుంది. దీనితో కనుబొమలు, చెంప ఎముకలు, ముక్కు దూలం మలచండి. వేలి మందానికి మించవద్దు, బరువెక్కి మాస్కు ముందుకు వాలుతుంది. మూతికి ముద్ద వాడకండి. కాగితపు కప్పునో, అట్ట గొట్టాన్నో అతికించి పైన రెండు పొరల కాగితం వేస్తే తేలికగా ఉంటుంది. చెవులను అట్టతో కోసి, అడుగున చీల్చి, చీలికలను అటొకటి ఇటొకటి మడిచి అతికించాలి. కొమ్ములకు దినపత్రికను పొట్లంలా బిగువుగా చుట్టి, తడిగా ఉన్నప్పుడే వంచాలి.

జంతువుకొక మెలకువ ఉంటుంది. ఎలుగుబంటి విషయానికి వస్తే, కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు కొండల్లో తిరిగే మన ఎలుగుకు మూతి పొడవుగా, లేత బూడిద రంగులో ఉంటుంది, మిగతా ముఖమంతా చింపిరి నల్లబొచ్చు. దూరదూరంగా పెద్ద చెవులు పెట్టి, నలుపు రంగు వేసి, తడి ఆరకముందే గోనెసంచి పోగులను నల్లగా ముంచి అతికిస్తే బొమ్మల దుకాణంలో దొరికే గుండ్రటి ఎలుగు కాక మన కొండ ఎలుగు తయారవుతుంది. శెనక్కాయ పొట్టును నలిపి అతికించి కూడా చూశాను కానీ, అది ఎలుగుకంటే మొసలికే బాగా నప్పింది.

పులికి పిల్లలు బడిలో గీతలు గీసినట్టు అడ్డగీతలు వరుసగా గీస్తారు. నుదుటి మీద గీతలు మధ్య నుంచి రెండు పక్కలకు వంపు తిరగాలి, చెంపల మీద బయటి నుంచి లోపలికి సాగి మొన తేలాలి, కళ్ళ పైన తెల్ల మచ్చలు ఉండాలి. పీర్ల పండుగలో పులివేషం కట్టేవారి ముఖాలను దగ్గరగా చూస్తే ఎక్కడ గీత మందంగా మొదలై ఎక్కడ సన్నబడాలో తెలుస్తుంది.

కృష్ణజింక రోళ్ళపాడులో కనబడే అందగాడు, మన రాష్ట్ర జంతువు కూడా. మెలితిరిగిన పొడవైన కొమ్ములు మగదానికే ఉంటాయి, కంటి చుట్టూ తెల్లటి వలయం ఉంటుంది. దాని కళ్ళు పక్కలకు ఉన్నా, ముక్కుకు రెండు వైపులా తెలుపూ నలుపూ కలిసే చోట చూపు రంధ్రాలను దాచవచ్చు. కొమ్ములను జానెడుకు మించి పెంచవద్దు.

అన్నిటిలో నాకు ఇష్టమైనది కలివికోడి. 1900 తరువాత కనబడక అంతరించిపోయిందనుకొన్న ఈ పక్షి 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్ళీ దొరికింది. రాత్రిపూట తిరిగే పక్షి కాబట్టి కళ్ళు పెద్దవి. పిల్లల చూపుకు ఎంత పెద్ద రంధ్రం కావాలన్నా ఇబ్బంది లేదు, దోమతెర ఉపాయం దీనికి చక్కగా కుదురుతుంది. కంటి పైన వెడల్పైన తెల్ల చార, చిన్న ముక్కు, అంతే పని.

రంగులు

ముందు తెల్లటి పోస్టర్ రంగును గంజిలో కలిపి ఒక పూత వేయండి, లేకపోతే పత్రిక అక్షరాలు పులి చెంపల మీద కనబడతాయి. ఇంటి రంగులతో పని జరుపుకోవాలనుకొంటే గోడలకు పూసే జాజు మంచి ఎరుపు ఇస్తుంది, కొబ్బరి చిప్ప బొగ్గును నూరి గంజిలో కలిపితే నలుపు వస్తుంది. పసుపు మొదట్లో మెరిసినా ఎండ తగిలితే వెలిసిపోతుంది. సున్నం, తలుపులకు వేసే ఎనామిల్ రంగు, డబ్బా నుంచి చిమ్మే రంగు వాడవద్దు. ఏ రంగయినా లోపలి వైపు వేయకండి. చెమటకు తడిసి చర్మానికి అంటుకొనేది అక్కడే. లోపల పాత నూలు పంచె ముక్క అతికిస్తే చెమటను పీల్చుకొంటుంది.

సింహం జూలుకు ధర్మవరం మగ్గాల దగ్గర మిగిలే పట్టుపోగులు దొరికితే అదృష్టమే, దొరకకపోతే ఊలు దారం. కుందేలుకు పత్తి. మీసాలకు చీపురు పుల్లలు పెట్టాలని పిల్లలు పట్టుబడతారు, కానీ పక్కనున్నవారి కంటికి తగిలే ప్రమాదం ఉంది కాబట్టి గంజిలో ముంచి ఆరబెట్టిన దారం వాడండి.

కట్టుకోవడం, దాచుకోవడం

కంటి వరుసలో, అంచుకు ఒక వేలి వెడల్పు లోపల చిల్లులు వేసి, చిల్లు చుట్టూ లోపలి వైపు గుడ్డ ముక్క అతికించి, వెడల్పైన లాస్టిక్ కట్టండి. లాస్టిక్ తల వెనుక ఉండాలి, మెడ చుట్టూ తాడు కట్టవద్దు. మాస్కు పెట్టుకొన్న పిల్లలను మెట్ల మీద, పిట్టగోడ లేని మిద్దె మీద, రోడ్డు మీద పరుగెత్తనివ్వకండి. మూడేళ్ళ లోపు వారికి పట్టుకొని చూపడానికి ఒక కర్ర పిడి ఉన్న మాస్కు చాలు.

మైదా అంటే ఎలుకలకూ వెండిపురుగులకూ విందు. పెట్టెలో పెట్టి మూయకుండా గోడకు మేకు కొట్టి వేలాడదీయండి, పక్కన ఎండు వేపాకు కట్ట ఉంచండి. అంచు చీలితే అదే రోజు గంజితో రెండు పీలికలు అతికించి, ఆరాక రంగు వేయండి. ఒక వారం ఆలస్యం చేస్తే పొరలన్నీ విడిపోయి, పిల్లలు దాన్ని బొమ్మల మధ్యకు విసిరేస్తారు.